60 వచనాల టీఎంఎస్ కార్డులు: ఒకరిని విశ్వాసంలో నడిపించేవారికి ఎంతవరకు పనికొస్తాయి?

కొత్తగా బాప్తిస్మం తీసుకున్న తమ్ముణ్ణో చెల్లెల్నో సంఘంలో ఒకరికి అప్పజెప్పి "వీళ్ళను కాస్త చూసుకోండి" అంటారు. ఒప్పుకున్నవారికి ఆ రాత్రే దిగులు మొదలవుతుంది. వారంవారం కూర్చుని ఏం చేయాలి? ఎక్కువమంది వెంటనే ఓ వర్క్‌బుక్కు తెచ్చుకుంటారు. ఖాళీలు పూరిస్తారు, పాఠాలు పూర్తవుతాయి, ప్రార్థన చేసుకుని ఎవరి దారిన వాళ్ళు పోతారు. పాఠం ఆ గదిలోనే ఉండిపోతుంది. సోమవారం పొద్దున మేనేజరు అందరి ముందూ కేకలేసినప్పుడు అది తోడు రాదు.

నావిగేటర్స్ అనే క్రైస్తవ సంస్థవారి టాపికల్ మెమరీ సిస్టమ్, వాడుకలో టీఎంఎస్, సరిగ్గా ఈ చోట పనికొచ్చే సరుకు. జనం దీన్ని వచనాలు కంఠతా పట్టే కిట్టుగా కొంటారు, కొన్నాళ్ళు అలాగే వాడి సొరుగులో పడేస్తారు. ఒకరు ఇంకొకరిని వెంటబెట్టుకుని నడిపించడానికి ఇది ఏ మేరకు సాయం చేస్తుందన్నదే ఈ సమీక్ష. తీర్పు ముందే చెప్పేస్తే, మొదటి 12 కార్డులు ఆ పనికే పుట్టినట్టుంటాయి. మిగతా 48 దగ్గర మెంటరు, అంటే నడిపించేవారి, చేతిపని చాలా కావాలి.

సెట్టులో 60 భాగాలుంటాయి. కొన్నిట్లో ఒకే వచనం, కొన్నిట్లో రెండు. ఐదు వరుసలు, వరుసకు 12 కార్డులు, ఆరు అంశాలు, అంశానికి రెండేసి. కార్డు విజిటింగ్ కార్డంత, జేబులో పట్టేంత. వాటితోపాటు ఎలా వాడాలో చెప్పే చేతిపుస్తకం. రోజూ చదవాల్సిన పుస్తకాన్ని బల్లమీద పెడతాం, మర్చిపోతాం. కార్డు జేబులో తగులుతూ ఉంటుంది. ఈ సంస్థ 1933లో అమెరికా నౌకాదళంలోని నావికుల మధ్య మొదలైందని గుర్తుంచుకుంటే ఈ సైజు ఎందుకో అర్థమవుతుంది. ఓడలో సొంత గదీ ఉండదు, తీరికా ఉండదు. సంస్థను మొదలుపెట్టిన డాసన్ ట్రాట్‌మన్ ఒక నావికుడికి నేర్పిస్తే, అతను తన తోటివాణ్ణి తీసుకొచ్చి "వీడిక్కూడా నేర్పండి" అన్నాడట. "నువ్వే నేర్పు" అన్నాడు ట్రాట్‌మన్. ఈ కార్డుల వెనకున్న పద్ధతంతా ఆ జవాబులోనే ఉంది.

మొదటి వరుసను దగ్గరగా చూద్దాం. క్రీస్తే కేంద్రం (2 కొరింథీ 5:17, గలతీ 2:20), విధేయత (రోమా 12:1, యోహాను 14:21), వాక్యం (2 తిమోతి 3:16, యెహోషువ 1:8), ప్రార్థన (యోహాను 15:7, ఫిలిప్పీ 4:6-7), సహవాసం (మత్తయి 18:20, హెబ్రీ 10:24-25), సాక్ష్యం (మత్తయి 4:19, రోమా 1:16). ఈ ఆరు అంశాలూ నావిగేటర్స్ వాడే చక్రం బొమ్మలోవే. ఇరుసు దగ్గర క్రీస్తు, నేలను తాకే అంచు విధేయత, నిలువు ఆకులు (చువ్వలు) వాక్యం, ప్రార్థన, అడ్డం ఆకులు సహవాసం, సాక్ష్యం. మెంటరుకు ఇది మంచి తనిఖీ పటం. నేర్చుకునేవారు ఈమధ్య నీరసంగా ఉన్నారంటే ఏ ఆకు విరిగిందో చూడొచ్చు. మామూలుగా మనం "ప్రార్థన చేస్తున్నావా?" అని ఒకే ఆకును పట్టుకుని ఊపుతుంటాం. చాలాసార్లు విరిగింది సహవాసం. మూడు నెలలుగా ఆ మనిషి ఏ విశ్వాసితోనూ మనసువిప్పి మాట్లాడి ఉండరు.

వేగం వారానికి రెండు కార్డులు. అలా 30 వారాల్లో 60 పూర్తవుతాయి. కాగితం మీద లెక్క సరిపోతుంది గాని, జ్వరాలూ పరీక్షలూ ప్రయాణాలూ కలిపితే తొమ్మిది పది నెలలు పడుతుందనుకోవాలి. అప్పజెప్పే క్రమం ఇది: అంశం, రిఫరెన్సు, వచనం, మళ్ళీ రిఫరెన్సు. రెండుసార్లు రిఫరెన్సు చెప్పడం చాదస్తంలా కనిపిస్తుంది. కాని వచనం నోటికొచ్చి, అది ఎక్కడుందో తెలియక బైబిలంతా తిరగేసే అవస్థ చాలామందికి తెలిసిందే. దాన్ని తప్పించేది ఈ చాదస్తమే. కొత్త వచనాన్ని మాటలు మాటలుగా కూర్చుకోవాలి. అంశం, రిఫరెన్సు చెప్పి మొదటి ముక్క. అది నిలిచాక మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకుని రెండో ముక్క కలపాలి. మొత్తం వచనాన్ని ఇరవైసార్లు గడగడా చదివితే రాదు, వచ్చినా వారానికి పోతుంది.

వల్లె వేయడమే అసలు శ్రమ. ఒక కార్డుకు అరనిమిషం వేసుకుంటే 12 కార్డులకు ఆరు నిమిషాలు, అది ఎవరికైనా కుదురుతుంది. 60 కార్డులకు అరగంట, అది రోజూ ఎవరికీ కుదరదు. అందుకని ఇప్పుడు నడుస్తున్న వరుసను రోజూ, పూర్తయిన వరుసల్లోంచి రోజుకొకటి చొప్పున తిప్పుకోవాలి. నాలుగు వరుసలు పూర్తయ్యాక కూడా ప్రతి పాత కార్డూ నాలుగు రోజులకోసారి చేతికొస్తుంది. మధ్యలో మానేసేవాళ్ళ విషయంలో సాధారణంగా జరిగేది ఒకటే. పాతవి జారిపోతున్నా వారానికి రెండు కొత్తవి పేర్చుకుంటూ పోతారు, ఒకరోజు ఏదీ పూర్తిగా రాదు, సిగ్గుపడి కలవడమే మానేస్తారు. కాబట్టి గట్టి నియమం పెట్టుకోండి. పోయినవారం రెండూ రాకపోతే ఈ వారం కొత్తవి లేవు. ఈ నియమం మెంటరుకూ వర్తించాలి.

మెంటరు తానూ అవే కార్డులు పట్టాలా? పట్టాలి, ముందు తానే అప్పజెప్పాలి. ఈ ఒక్క విషయంలో రాజీ పడితే కూటం కాస్తా పరీక్ష హాలవుతుంది. నేర్చుకునేవారు తడబడతారు, మెంటరు కార్డు చూస్తూ దిద్దుతారు, నాలుగో వారానికి "ఈ వారం ఒంట్లో బాగాలేదండీ" అని మెసేజి వస్తుంది. మెంటరే ముందు చెప్పి, ఒకచోట తప్పి, నవ్వుకుని సరిచేసుకుంటే ఎదుటివాళ్ళకు ఊపిరి ఆడుతుంది.

ఇద్దరూ కలిసే సమయం ముప్పావుగంట చాలు. ఇద్దరి అప్పజెప్పడానికి ఐదారు నిమిషాలు. వచనం ఉన్న అధ్యాయాన్ని పైకి చదవడానికి పది. ఆ తర్వాత ఒకే ప్రశ్న: "ఈ వారం ఈ మాట నీకు ఎక్కడ అడ్డొచ్చింది?" ఎలా ఆదరించింది, ఏం దీవెన దొరికింది అని అడిగితే సంఘంలో సాక్ష్యం చెప్పినట్టు తయారైన జవాబొస్తుంది. అడ్డొచ్చిన చోటు అడిగితే నిజం బయటపడుతుంది: లేటుగా వచ్చి టైముకే వచ్చానని రిజిస్టరులో రాయబోయినప్పుడు, అత్తగారి మాటకు ఎదురు జవాబు నాలిక చివరిదాకా వచ్చినప్పుడు. చివర్న వచ్చేవారం చేయాల్సిన పని ఒకటి, ఒక్కటే, కార్డు వెనక పెన్సిలుతో రాసుకోవాలి. "ప్రేమగా ఉంటాను" అని రాస్తే పనికిరాదు. "బుధవారం లోపు అన్నయ్యకు ఫోన్ చేస్తాను" అని రాయాలి. చేశారో లేదో మళ్ళీవారం అడగొచ్చు.

ఈ ముప్పావుగంటకు మించి విలువైనది బయటి సమయం. ద్వితీయోపదేశకాండము 6:7లో దేవుని మాటలు పిల్లలకు నేర్పించే వేళలు నాలుగు చెప్పారు: ఇంట కూర్చుండునప్పుడు, త్రోవను నడుచునప్పుడు, పండుకొనునప్పుడు, లేచునప్పుడు. అందులో తరగతి గది లేదు. కార్డు జేబులో ఉంటుంది కాబట్టి మెంటరు మామూలుగా చేసే పనులకు నేర్చుకునేవారిని వెంట తీసుకుపోవచ్చు. ఆసుపత్రిలో ఎవరినైనా చూడబోయేటప్పుడు, సంఘంలో కుర్చీలు సర్దేటప్పుడు, సామాను మోసేటప్పుడు. ట్రాఫిక్కులో ఇరుక్కున్నప్పుడు మెంటరు ఏం మాట్లాడతారో, తప్పు చేసి పిల్లల్ని క్షమించమని ఎలా అడుగుతారో వాళ్ళు చూడాలి. కార్డుమీది మాట మనిషి మీద ఎలా కనిపిస్తుందో తెలిసేది అక్కడే.

ఒక కార్డు తీసుకుని ఇది ఎలా పనిచేస్తుందో చూపిస్తే మేలు. ఫిలిప్పీ 4:6 పాత అనువాదంలో ఇలా విడగొట్టుకోవచ్చు: దేనినిగూర్చియు చింతపడకుడి గాని / ప్రతి విషయములోను / ప్రార్థన విజ్ఞాపనములచేత / కృతజ్ఞతాపూర్వకముగా / మీ విన్నపములు దేవునికి తెలియజేయుడి. అప్పజెప్పేటప్పుడు తేలిగ్గా జారిపోయే ముక్క నాలుగోది. విచిత్రమేమంటే బతుకులోనూ జారిపోయేది అదే. వచ్చేవారం ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని మనిషి చేతిలో ఈ కార్డు పెట్టి "చింతపడకు" అంటే మొదటి ముక్క దగ్గరే ఆగిపోయినట్టు. కాగితం మధ్యలో గీత గీయించండి. ఎడమవైపు భయాలు ఉన్నవి ఉన్నట్టు: అద్దె, అప్పు, నాన్న మందులు. కుడివైపు ఒక్కోదాన్నీ విన్నపంగా మార్చి రాయాలి, అడుగున ఈ వారం అందిన మేలు ఒకటి. మెంటరు తన కాగితం తానూ రాయాలి. ఆ పైన 7వ వచనంలోని "కావలియుండును" అనే మాట దగ్గర కాసేపు ఆగండి. పౌలు ఆ మాట రాసింది బంధకాల్లో, అంటే చెరలో ఉండి, ఆ సంగతి అదే పత్రిక (ఉత్తరం) మొదటి అధ్యాయంలో ఉంది. కావలి అంటే ఏమిటో తెలిసిన మనిషి రాసిన మాట అది. ఇంత జరిగాక ఆ కార్డు పోగొట్టుకున్నా ఫరవాలేదు.

ఇక లోపాలు. వచనాన్ని అధ్యాయంలోంచి కత్తిరించి కార్డుమీద అతికించడంలో ఉన్న ప్రమాదం ఈ సెట్టులో చాలాచోట్ల కనిపిస్తుంది. మూడో వరుసలో చింత గురించి 1 పేతురు 5:7 ఉంది, "మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి" అని. ఐదో వరుసలో దీనత్వం గురించి 1 పేతురు 5:5-6 ఉంది. గ్రీకు మూలంలో 6, 7 వచనాలు ఒకే వాక్యం. చింతను దేవునిమీద వేయడం ఆయన చేతికింద తగ్గి ఉండడంలో భాగమని పేతురు చెబుతున్నాడు. కార్డుల్లో ఆ వాక్యం రెండుగా తెగి, మధ్యలో నెలల ఎడం వచ్చింది. అన్నీ తనే మోయాలని చూసే మనిషికి చింత ఎందుకు వదలదో తెలిసే అవకాశం అలా పోతుంది. ఆ రెండు కార్డుల్నీ ఒకే వారం ఇచ్చేయండి, క్రమం తప్పినా నష్టం లేదు.

ఫిలిప్పీ 4:13 సంగతి చెప్పనక్కర్లేదు. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అని పరీక్షల ముందు అందరూ గోడకు అంటించేదే. దానికి పైనున్న 11, 12 వచనాల్లో పౌలు మాట్లాడుతున్నది లేమిలోనూ సమృద్ధిలోనూ తృప్తిగా ఉండడం గురించి. మత్తయి 18:20 కూడా అంతే. కూటానికి ఇద్దరు ముగ్గురే వచ్చినప్పుడు ఓదార్పుగా వాడతాం, కాని ఆ భాగం 15వ వచనం నుంచీ తప్పు చేసిన సహోదరుణ్ణి సరిదిద్దడం గురించి. ప్రకటన 3:20 లవొదికయ సంఘానికి రాసిన పత్రికలోది. ఎఫెసీ 2:8-9 కార్డు పదో వచనానికి ముందే ఆగిపోతుంది. రక్షణ క్రియలవల్ల కాదని నేర్పి, సత్‌క్రియలకోసమే సృష్టింపబడ్డామన్న తరువాతి మాట వదిలేస్తే సగం నేర్పినట్టే. అందుకే అధ్యాయం పైకి చదివే ఆ పది నిమిషాల్ని ఎప్పుడూ కోసేయకండి.

ఎంపికలోనూ మొగ్గు ఉంది. లెక్కవేస్తే 60లో పాతనిబంధనవి 9, సువార్తల్లోవి 12, అపొస్తలుల కార్యాల్లోవి 2, ప్రకటనలోది 1, మిగతా 36 పత్రికల్లోవే. కీర్తనల నుంచి ఒక్కటే కార్డు, అదీ 119:9, 11. ఏడ్చే మనిషికి ఇచ్చేందుకు విలాపవాక్యములు 3:22-23 తప్ప పెద్దగా ఏమీ దొరకదు. ఇతరుల్ని క్షమించడం గురించి కార్డు లేదు. కోపం, నాలుక గురించి లేదు. ఉద్యోగాన్ని దేవుని ముందు ఎలా చేయాలో లేదు. ఇల్లూ ఆఫీసూ వీధీ చుట్టూ తిరిగే శిష్యత్వానికి ఇవి చిన్న లోటులు కావు. ఖాళీ కార్డులు ఓ ఐదు తీసుకుని ఎఫెసీ 4:32, యాకోబు 1:19, కొలొస్సయి 3:23, కీర్తన 34:18 రాసి పెట్టుకోండి. ఐదోది 2 తిమోతి 2:2. పౌలు నుంచి తిమోతికి, అతని నుంచి నమ్మకమైన మనుష్యులకు, వాళ్ళనుంచి మరికొందరికి అని నాలుగు మెట్లు చెప్పే వచనం. ఈ సంస్థ ఊపిరే ఆ వచనం, 60లో మాత్రం దానికి చోటు లేదు!

ఇంగ్లీషు సెట్టు కొన్నవాళ్ళు తెలుగులో నేర్చుకోవాలంటే కార్డులు చేత్తో రాసుకోవాలి. అది నష్టమేమీ కాదు, రాసేటప్పటికే సగం వచ్చేస్తుంది. అట్టలాంటి కాగితం వాడండి, జెల్ పెన్ను వద్దు, చెమట తగిలితే అలుక్కుపోతుంది. ఒక వైపు వచనం, రెండో వైపు అంశం, రిఫరెన్సు పైన రాసి కింద ఖాళీ ఉంచితే పెన్సిలు పనికి చోటుంటుంది. ఇద్దరూ ఒకే అనువాదం పట్టుకోవాలి. ఒకరు పాత అనువాదం, ఇంకొకరు వాడుక భాష అనువాదం తీసుకుంటే దిద్దుకోవడం కుదరదు. చిన్నప్పటినుంచి సంఘంలో పెరిగినవాళ్ళకు పాత అనువాదం లయ చెవిలో ఉంటుంది, తొందరగా పడుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళకు "విజ్ఞాపనము", "నిరీక్షణ" లాంటి మాటలే ముళ్ళు, వాళ్ళకు వాడుక భాషదే మేలు. ఏదైనా సరే, కంఠతా పట్టేముందు సొంత మాటల్లో చెప్పించాలి. అర్థం కాని మాట చక్కగా అప్పజెప్పగలగడం మనకు బడి నేర్పిన చెడ్డ విద్య.

ఫోనులో పెట్టుకోవచ్చుగా అంటారు. పెట్టుకోవచ్చు, కాని వచనం కోసం తెరిచిన ఫోను మరో పదిచోట్లకు తీసుకుపోతుంది. కార్డు ఎక్కడికీ తీసుకుపోదు.

చేతిపుస్తకం చూసుకోమని చెప్పి వదిలేయకూడని సంగతులు కొన్నున్నాయి. మగవాళ్ళకు మగవాళ్ళు, ఆడవాళ్ళకు ఆడవాళ్ళు మెంటర్లుగా ఉండడం, నలుగురికీ కనిపించే చోట కలవడం ముందే పెట్టుకోవాల్సిన హద్దులు. ఇద్దరి మధ్య అప్పులూ చేబదుళ్ళూ వద్దు. పెళ్ళి, ఉద్యోగం, ఆస్తి విషయాల్లో వచనం చూపించి "దేవుడు నీకిలా చెబుతున్నాడు" అనే అధికారం మెంటరుకు లేదు. విన్నవి గుట్టుగా ఉంచుతానని మాటివ్వండి గాని, ప్రాణానికో పిల్లలకో ముప్పున్న సంగతి, ఇంట్లో కొట్టడంలాంటిది అయితే తగినవారికి చెప్పక తప్పదని మొదటిరోజే చెప్పండి. వారాల తరబడి నిద్రపోని, తిండి తినని, చచ్చిపోవాలనిపిస్తోందనే మనిషి చేతిలో చింత కార్డు పెట్టి పంపేయడం ఘోరం. వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడమే ఆ వారం శిష్యత్వం. 1 యోహాను 3:18, మాటతోను నాలుకతోను కాక క్రియతోను సత్యముతోను ప్రేమించమన్నది, ఐదో వరుసలోని కార్డే కదా.

ఎవరు కొనొచ్చు? ఒకరిద్దరితో ఏడాదిపాటు నడవడానికి సిద్ధమైనవారు నిస్సందేహంగా. ఇరవైమంది యువతకు ఒకేసారి పంచి పోటీలు పెట్టాలనుకునేవారు వద్దు, బహుమతి రోజుకు అన్నీ వస్తాయి, నెలకు అన్నీ పోతాయి. చదవడం రానివారితో కూడా ఇది నడుస్తుంది. వారానికి ఒకటే వచనం, చెవితో విని పట్టాలి, కార్డుమీద మాటలకు బదులు వాళ్ళే గీసుకున్న చిన్న గుర్తు ఉంటే చాలు.

ఒక మాట మొదలెట్టేవారికి. మొదటిరోజే 60 కార్డుల పెట్టె చేతిలో పెడితే కొండను చూపించినట్టుంటుంది. నావిగేటర్స్‌వారిదే నిశ్చయత పాఠాల ఐదు వచనాల చిన్న కట్ట ఒకటుంది: 1 యోహాను 5:11-12, యోహాను 16:24, 1 కొరింథీ 10:13, 1 యోహాను 1:9, సామెతలు 3:5-6. రక్షణ, ప్రార్థనకు జవాబు, శోధనలో గెలుపు, క్షమాపణ, నడిపింపు. కొత్త విశ్వాసికి మొదటి నెలలో ఎదురయ్యే సందేహాలు దాదాపు ఈ ఐదే. వారానికొకటి చొప్పున అవి నోటికొచ్చాక, ఆరోవారం మొదటి వరుస మొదలుపెట్టండి. ఆ కార్డుల్ని నేర్చుకునేవారి చేతే రెండేసి ప్రతులు రాయించండి. ఒకటి తమకు, ఇంకొకటి ముందుముందు తాము ఎవరి పక్కన కూర్చుంటారో వాళ్ళకు.